ఉట్టి నుండి ఉక్కు కొక్కెం వరకు
(నిర్మాణ స్థలాలలో వ్రేలాడే అరలు)

తెలుగువారి వంటింటిలో దీనిని ఉట్టి అంటారు. ఉర్దూ మాట్లాడే ఇంటిలో ఛీంకా అంటారు. పేర్లు రెండైనను వస్తువు ఒక్కటే. పాలకుండను, పెరుగుకుండను చీమకు, ఎలుకకు, పిల్లికి అందకుండ దూలానికి వ్రేలాడదీయుటకు మన పూర్వులు కనిపెట్టిన సాధనమది. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్లు అని తెలుగు సామెత. పిల్లి అదృష్టం పండి ఛీంకా తెగిందని ఉర్దూ సామెత. మొదటి సామెత ఉట్టి ఎత్తును చెబుతున్నది. రెండవది ఉట్టి తెగితే కలిగే నష్టాన్ని చెబుతున్నది. వస్తువును నేలకు దూరంగా నిలుపుట, నిలిపినదానిని పడకుండ కాపాడుట అను ఈ రెండు ధర్మాలే నేటి నిర్మాణ స్థలంలో వాడే వ్రేలాడే అరలకును మూలసూత్రాలు.

పూర్తయిన ఇంటిలో సామాను సర్దుకొనుట కష్టం కాదు. గోడలో గూడు ఉన్నది. దానినే ఉర్దూలో తాఖ్ అంటారు. బీరువాలు, అటకలు ఉన్నవి. కాని ఇల్లు కట్టుచున్న చోట ఇవేవీ ఉండవు. నేడు లేచిన గోడకు రేపు సున్నం పూయవలెను. నేడు సామాను పెట్టిన గదిలో ఎల్లుండి గచ్చు వేయవలెను. కాబట్టి అక్కడి అరకు మూడు లక్షణాలు ఉండవలెను. అది గోడకు మేకు కొట్టకుండ నిలువవలెను, నేలను ఆక్రమించకూడదు, పని మరొక చోటికి మారినప్పుడు ఒక మనిషి విప్పి చేతితో మోసుకొనిపోగలిగినదై ఉండవలెను. ఇట్టి అరకు ఆధారమైన ఇనుప కొక్కేల అమరికను గూర్చియే ఈ వ్యాసం.

నేల మీద పరచిన సామాను

ఏదైన ఒక నిర్మాణ స్థలాన్ని పరిశీలించండి. సుత్తి ఇసుకలో కూరుకొని ఉంటుంది. రసమట్టం గమేళా క్రింద నలిగి ఉంటుంది. విద్యుత్తుతో తిరిగే డ్రిల్లు తడినేల మీద పడి ఉంటుంది. మేకులు కాలిబాటలో చెల్లాచెదరై ఉంటవి. ఇందువలన కలిగే నష్టం మూడు విధాలు. వెదకుటలో కాలం వ్యర్థమవుతుంది. తడికి, తుప్పుకు, చెదకు సామాను చెడిపోతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, కాలు జారి, మేకు గుచ్చుకొని, విద్యుత్తు తగిలి మనుషులు గాయపడతారు.

ఈ నష్టం అందరికీ సమానంగా పడదు. తాపీ, తూకం గుండు, రసమట్టం, ఉలి మొదలైనవి సాధారణంగా మేస్త్రీ సొంత సొత్తు. అవి పోయినచో యజమానికి తెలియనైనా తెలియదు. మేస్త్రీ తన కూలిలో నుండి కొత్తవి కొనుక్కొనవలెను. మహబూబ్‌నగర్ ప్రాంతం నుండి దూరదేశాలకు కూలికి పోయిన పాలమూరు శ్రామికులు మన దేశంలో అనేక ఆనకట్టలను, కట్టడాలను కట్టినారు. ఇల్లు విడిచి వలసపోయిన మనిషికి పనిచోట తన వస్తువు పెట్టుకొనుటకు ఒక అర ఉండుట విలాసం కాదు. అది అతని కూలిని కాపాడే సాధనం.

మేకు లేని అర

ఉత్తర అమెరికాలో చాలా ఇండ్లను కొయ్య చట్రంతో కడతారు. గోడ స్థానంలో ముందుగా నిలువు కొయ్యలు వరుసగా నిలుస్తవి. వాటి మధ్య దూరం సాధారణంగా 16 అంగుళాలు, అనగా సుమారు 40 సెంటీమీటర్లు. రెండు-నాలుగు అని వ్యవహరించే ఆ కొయ్య నిజమైన కొలత ఒకటిన్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు. కొయ్య పరిమాణమును, దూరమును స్థిరంగా ఉన్నందున వాటికి తగిలించుకొనే ఆధారాలను తయారు చేయుట అక్కడ సులభం. గోడకు పలకలు బిగించక మునుపు రెండు కొయ్యలకు రెండు ఆధారాలు తగిలించి, వాటి మీద ఒక పలక పరచినచో అర సిద్ధమవుతుంది. ఆ గది పని ముగిసిన తరువాత వాటిని తీసి ప్రక్క గదిలో తగిలిస్తారు.

మన దేశంలో గోడలు ఇటుకతోను, రాతితోను, కాంక్రీటుతోను కడతారు. కనుక ఇక్కడ అట్టి కొయ్యలు దొరకవు. కాని ఇనుప గొట్టాలు, నిచ్చెనలు, సామాను దాచే రేకుల షెడ్డు స్తంభాలు దొరుకుతవి. నిర్మాణంలో వాడే గొట్టం వెలుపలి వ్యాసం సాధారణంగా 48.3 మిల్లీమీటర్లు. కాబట్టి మన కొక్కెం ఆ గొట్టానికి అమరినచో చాలాచోట్ల పనికి వస్తుంది.

తగిలించే ఆధారం

ఆధారాలలో మొదటి రకం అడ్డగొట్టానికి పైనుండి తగిలించేది. పైన కొక్కెం, క్రింద మడమ, ముందుకు చాచిన చేయి, ఆ చేతికి ఊతగా ఏటవాలు కమ్మీ ఉంటవి. చేతి మీద బరువు పెట్టినప్పుడు ఆ బరువు ఆధారాన్ని ముందుకు త్రిప్పజూస్తుంది. అప్పుడు పైనున్న కొక్కెం గొట్టాన్ని ముందుకు లాగుతుంది. క్రిందనున్న మడమ తన వెనుకనున్న స్తంభాన్ని వెనుకకు నొక్కుతుంది. ఈ లాగుడును లెక్కించుట కష్టం కాదు. ఉన్నత పాఠశాలలో నేర్చిన తులాదండ సూత్రం చాలును.

రెండు ఆధారాల మీద పరచిన పలకపై 60 కిలోల సామాను సమంగా సర్దినామనుకొందాం. ఒక్కొక్క ఆధారం మీద 30 కిలోలు పడుతుంది. చేయి పొడవు 40 సెంటీమీటర్లయితే బరువు కేంద్రం గొట్టానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కొక్కేనికి, మడమకు మధ్య నిలువు దూరం 40 సెంటీమీటర్లు అనుకొందాం. 30ని 20తో గుణించి 40తో భాగించగా 15 కిలోలు వస్తుంది. కొక్కెం మీద పడే లాగుడు అంతే. ఇనుము పొదుపు చేయదలచి ఆ నిలువు దూరాన్ని 10 సెంటీమీటర్లకు తగ్గించినచో, అదే సామానుకు లాగుడు 60 కిలోలవుతుంది. పొట్టి ఆధారం చూడ్డానికి చక్కగా ఉంటుంది గాని, కొక్కేన్ని నాలుగు రెట్లు పీడిస్తుంది. అట్లే 40 సెంటీమీటర్ల నిలువు దూరం ఉన్న ఆధారంపై సామానంతా పలక చివరి అంచున పేర్చినచో లాగుడు 15 నుండి 30 కిలోలకు పెరుగుతుంది. అందుచేత ఈ రకంలో బరువైన వస్తువులు లోపలి వైపునకు ఉండవలెను.

గోడ నుండి ముందుకు చాచిన దూలపు బలాన్ని గణితంతో పరిశీలించినవారిలో గెలీలియో ప్రసిద్ధుడు. 1638లో లైడెన్ నగరంలో ముద్రించబడిన ఆయన గ్రంథంలో, గోడలో నాటిన దూలం చివర బరువు వ్రేలాడుచున్న చిత్రం ఉన్నది. నేడు కూలీ మనిషి తగిలించే ఇనుప చేయి ఆ దూలానికి చిన్న తమ్ముడు.

పట్టి నిలిచే ఆధారం

రెండవ రకం విచిత్రమైనది. దీనికి అడ్డగొట్టం అక్కరలేదు. నిలువు స్తంభాన్నే పట్టుకొని నిలుస్తుంది. స్తంభం వెనుక ముఖాన్ని పైభాగంలో ఒక కడ్డీ, ముందు ముఖాన్ని క్రిందిభాగంలో మరొక కడ్డీ తాకి ఉంటవి. చేతి మీద బరువు పడగానే రెండు కడ్డీలు స్తంభాన్ని బిగించి, ఘర్షణ వలన ఆధారం జారకుండ ఆగుతుంది.

ఈ సూత్రం మన కల్లుగీత కార్మికునికి అనుభవంలో ఉన్నది. అతడు తాటిచెట్టు మీద మోకును నడుము వెనుకగా, చెట్టు వెనుకగా చుట్టి, పాదాలను చెట్టుకు తన్ని, వెనుకకు ఒరుగుతాడు. ఒరిగినకొద్దీ మోకు పైన చెట్టును లాగుతుంది, పాదాలు క్రింద చెట్టును నొక్కుతవి. భయపడి చెట్టును కరచుకొని నిలబడినచో మోకు వదులవుతుంది. చెట్టుకు దూరంగా ఒరుగుటయే అతనికి రక్ష.

పట్టి నిలిచే ఆధారం కూడ ఇంతే. ఇక్కడ ఒక వింత ఉన్నది. ఆధారం జారుతుందా లేదా అన్నది బరువు ఎంత అన్నదానిపై ఆధారపడదు. బరువు ఎంత దూరంలో ఉన్నదన్నదానిపై ఆధారపడుతుంది. బరువు రెట్టింపయితే పట్టు కూడ రెట్టింపవుతుంది గనుక ఆ రెండును సరిపోతవి. రెండు కడ్డీల మధ్య నిలువు దూరాన్ని ఘర్షణ గుణకానికి రెట్టింపైన సంఖ్యతో భాగించినచో, స్తంభం నడుమ నుండి బరువు కేంద్రం కనీసం ఎంత దూరంలో ఉండవలెనో తెలుస్తుంది. కడ్డీల మధ్య 10 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకం 0.4 అనుకొన్నచో ఆ దూరం 12.5 సెంటీమీటర్లు. బరువు 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నచో ఆధారం నిశ్చింతగా నిలుస్తుంది.

కాని స్తంభానికి నూనె గాని బురద గాని అంటి ఘర్షణ గుణకం 0.2కు తగ్గినచో కావలసిన దూరం 25 సెంటీమీటర్లవుతుంది. అప్పుడు 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న అదే సామాను, నిన్నటి దాక నిలిచిన అదే ఆధారం మీద నుండి జారిపోతుంది. అట్లే పొడిగా ఉన్నప్పుడైనను, బరువైన పెట్టెను స్తంభానికి మరీ దగ్గరగా 10 సెంటీమీటర్లలో పెట్టినచో ఆధారం జారుతుంది. మొదటి రకంలో క్షేమం కలిగించిన అలవాటే రెండవ రకంలో అపాయం తెస్తున్నది. ఈ కారణం చేత కేవలం ఘర్షణను నమ్మరాదు. స్తంభాన్ని గట్టిగా బిగించే బోల్టు పట్టీని గాని, ఆధారం క్రింద ఒక అడ్డుకట్టును గాని తప్పక అమర్చవలెను. సూత్రం తెలియని వానికి ఈ బోల్టు వృథా ఖర్చుగా తోచవచ్చును. సూత్రం తెలిసినవాడు దానిని మరువడు.

పైనుండి వ్రేలాడే అర

మూడవ రకం అచ్చమైన ఉట్టియే. పై దూలం నుండి తాళ్లు గాని గొలుసులు గాని దిగి పలకను మోస్తవి. ఇందులో తిరగదోసే సమస్య లేదు గాని, తాడు వంపును గమనించవలెను. రెండు ప్రక్కల తాళ్లు నిటారుగా ఉన్నచో 60 కిలోల బరువుకు ఒక్కొక్క ప్రక్క 30 కిలోలు మోస్తుంది. తాళ్లు నిలువు గీత నుండి 60 డిగ్రీలు వాలి ఉన్నచో ఒక్కొక్క ప్రక్క 60 కిలోల లాగుడు పడుతుంది. కాబట్టి తాళ్లు వీలైనంత నిటారుగా దిగవలెను. ఊగకుండ క్రింది నుండి ఒక కట్టు వేయవలెను.

పలక వంగుట

ఆధారం గట్టిదైనను పలక వంగినచో సామాను జారుతుంది. పలక వంగుట దాని ఆధారాల మధ్య దూరంతో పాటు అతివేగంగా పెరుగుతుంది. మీటరుకు ఇంత చొప్పున సమంగా బరువు పరచినప్పుడు, ఆధారాల మధ్య దూరం రెండింతలైతే వంగుడు 16 రెట్లవుతుంది. పలక మందం రెండింతలైతే వంగుడు ఎనిమిదవ వంతుకు తగ్గుతుంది. కాబట్టి 120 సెంటీమీటర్ల పలక క్రింద రెండు చివరలనే గాక నడుమ కూడ ఒక ఆధారం తగిలించుట మంచిది. ముందు అంచుకు మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తుగల పట్టీ కొట్టినచో చిన్న వస్తువులు క్రింద పడవు.

ఇనుప పెట్టె గది

1956 ఏప్రిల్ 26న ఐడియల్-ఎక్స్ అను ఓడ 58 పెద్ద పెట్టెలతో అమెరికాలోని న్యూఆర్క్ రేవు నుండి హ్యూస్టనుకు బయలుదేరినది. మాల్కమ్ మెక్లీన్ ఆలోచన ఫలితమైన ఆ ప్రయాణంతో నేటి కంటెయినరు రవాణా ఆరంభమైనదని చెబుతారు. ఓడల మీద పని ముగిసిన అట్టి పెట్టెలు ఇప్పుడు ప్రపంచమంతటను నిర్మాణ స్థలాలలో సామాను గదులుగా నిలిచి ఉన్నవి. కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాదుల నుండి గల్ఫు దేశాలకు పోయిన మనవారికి ఇవి సుపరిచితాలు.

20 అడుగుల కంటెయినరు లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు, వెడల్పు 2.35 మీటర్లు. అనగా నేల వైశాల్యం దాదాపు 13.9 చదరపు మీటర్లు. సామానంతా నేల మీద పరచినచో నడచుటకు దారి ఉండదు. లోపలి గోడల వెంబడి సరకు కట్టుకొనుటకు ఏర్పరచిన ఇనుప వలయాలు ఉంటవి. వాటికి తగిలే ఆధారాలను అమర్చి, ఒక ప్రక్కన 5 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పుగల మూడు వరుసల అరలు వేసినచో 6 చదరపు మీటర్ల స్థలం అదనంగా దొరుకుతుంది. ఇది నేల వైశాల్యంలో అయిదింట రెండు వంతులకు మించినది. పెట్టెకు రంధ్రం చేయలేదు, వెల్డింగు అక్కరలేదు, మరునాడు పెట్టెను తరలించవలసి వచ్చినను చిక్కు లేదు.

పెట్టదగినవి, పెట్టకూడనివి

ప్రతి వస్తువును పైకెత్తుట తెలివి కాదు. సిమెంటు బస్తా బరువు 50 కిలోలు. దాని స్థానం నేలకు కొంచెం ఎత్తున పరచిన చెక్కల మీదనే. నిర్మాణ సామగ్రి నిలువను గూర్చిన 1996 నాటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4082 సిమెంటు బస్తాలను నేల నుండి 150 నుండి 200 మిల్లీమీటర్ల ఎత్తులో చెక్కలపై పేర్చవలెనని, 10 బస్తాల ఎత్తు మించరాదని సూచించినది. గ్యాసు సిలిండర్లను, ఆమ్లాలను, రంగులో కలిపే మండే ద్రవాలను వ్రేలాడే అర మీద పెట్టరాదు.

అరలలో క్రింది వరుసకు బరువైన పనిముట్లు, నడుము ఎత్తు వరుసకు నిత్యం వాడేవి, పై వరుసకు తేలికైనవి ఉండవలెను. మనుషులు నడిచే దారికి పైన ఏ అరయు ఉండకూడదు. మనుషులు నిలబడి పనిచేసే పరంజాకు ఇంజనీరు అనుమతి లేకుండ ఆధారాలు తగిలించరాదు. అది మనుషులను మోయుటకు కట్టినది.

ప్రతి అర మీద అది మోయగల బరువును పెద్ద అంకెలతో వ్రాయవలెను. నేటి నిర్మాణ స్థలంలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడేవారు ఒకే కప్పు క్రింద పనిచేస్తున్నారు. చదువురానివారు కూడ ఉంటారు. కాబట్టి అర వెనుక పలక మీద ఒక్కొక్క పనిముట్టు ఆకారాన్ని రంగుతో గీసినచో, ఏ భాష వానికైనను దాని స్థానం తెలుస్తుంది; సాయంత్రం ఏది తిరిగి రాలేదో ఒక్క చూపులో కనబడుతుంది. దొంగతనం నెపం అమాయకుని మీద పడకుండ కాపాడే సాక్షి కూడ అదే.

తయారీ

25 మిల్లీమీటర్ల కోణపు ఇనుము, 3 మిల్లీమీటర్ల మందం గలది, మీటరుకు సుమారు 1.1 కిలోల బరువుంటుంది. 40 సెంటీమీటర్ల నిలువు కమ్మీ, అంతే పొడవైన చేయి, 57 సెంటీమీటర్ల ఏటవాలు కమ్మీ కలిపి ఒక ఆధారానికి సుమారు 1.37 మీటర్లు కావలెను. అనగా ఒక్కొక్కటి కిలోన్నర. రెండింటిని ఒక్క చేతితో మోయవచ్చును. ఏటవాలు కమ్మీని చేతి క్రింద పెట్టినచో అది నొక్కుడును మోస్తుంది గనుక గట్టి ఇనుమే ఉండవలెను. చేతికి పైన పెట్టినచో లాగుడును మాత్రమే మోస్తుంది గనుక గొలుసుతోనే పని జరుగుతుంది, ఆధారాన్ని మడచి కట్టగట్టవచ్చును. కొక్కేనికి నోరు లోతుగా ఉండవలెను. పైకి ఎగిరి ఊడకుండ ఒక చీల గుచ్చవలెను. వాడుకలోకి తేకముందు అరను నేలకు దగ్గరగా తగిలించి, వ్రాయదలచిన బరువుకు రెట్టింపు ఇసుక సంచులు ఒక దినం ఉంచి, కొక్కేలను, వెల్డింగు అతుకులను పరీక్షించవలెను.

పాలకవర్గానికి, విద్యార్థులకు

కట్టడపు పనివారి పనిస్థితులను, భద్రతను గూర్చి మన పార్లమెంటు 1996లో ప్రత్యేక చట్టం చేసినది. 2020లో వృత్తిభద్రతను గూర్చిన స్మృతిని ఆమోదించినది. చట్టం తన పని తాను చేస్తుంది. కాని కట్టడం కట్టించేవారు తలచుకొన్నచో చట్టం చెప్పని మేలు కూడ జరుగుతుంది. కళాశాలలో క్రొత్త గది గాని, ప్రయోగశాల గాని, ప్రహరీ గాని కట్టించునప్పుడు, ఒప్పంద పత్రంలో పనివారి సామానుకు అరలు ఏర్పాటు చేయవలెనను ఒక్క పంక్తి చేర్చుట పాలకవర్గానికి భారం కాదు. ఆ ఆధారాలను భౌతికశాస్త్ర విద్యార్థులు లెక్కించి గీయగలరు. ఊరిలోని వెల్డింగు దుకాణంవారు వాటిని చేసిపెట్టగలరు. పని ముగిసిన తరువాత అవే ఆధారాలు మన ప్రయోగశాలలోను, ఆటల సామాను గదిలోను ఎన్నో ఏండ్లు పనికి వస్తవి.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లు, మరికొందరు గుత్తేదారులు, సూపర్‌వైజర్లు కానున్నారు. పనిచోటికి పోయిన మొదటి దినమే నేల వైపు చూడండి. పనివాని సుత్తి ఎక్కడ ఉన్నది, అతని అన్నం టిఫిను ఎక్కడ ఉన్నది అని అడగండి. బురదలో ఉన్నదని తెలిసినచో, కిలోన్నర ఇనుముతో దానిని పైకెత్తే ఉపాయం మీకు తెలిసియే ఉన్నది. పాలకుండకు మన అవ్వలు ఇచ్చిన గౌరవాన్ని పనివాని పనిముట్టుకు మనము ఇవ్వలేమా?